కంపైలర్ సరే అంటే సరిపోతుందా? టైప్ సేఫ్టీ మనల్ని అజాగ్రత్తపరుల్ని చేస్తుందా అన్న ప్రశ్న గురించి

2025 నవంబర్ 18, సాయంత్రం ఐదు కావస్తోంది. ఒడిశా రాయగడలో మా ఇంటి ముందుగదిలో రోజూలాగే పిల్లలు లాప్‌టాప్‌లు తెరిచి కూర్చున్నారు. చాట్‌జీపీటీ తెరుచుకోవడం లేదు, ఎక్స్ తెరుచుకోవడం లేదు. ముందు మా నెట్ పోయిందనుకున్నాం. కాసేపటికి తెలిసింది, పడిపోయింది క్లౌడ్‌ఫ్లేర్ అని. ప్రపంచంలో ఎన్నో సైట్లకు ముందు నిలబడి కాపలా కాసే సంస్థ అది. జరిగిందేమిటో మర్నాటికల్లా వాళ్ళే వివరంగా రాసి బయటపెట్టారు. కారణాల వరుసలో చివరిది రస్ట్ భాషలో రాసిన ఒక చిన్న లైను.

రస్ట్‌కు ఉన్న పేరే భద్రత. దాని కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ను యంత్రం నడపగలిగేలా మార్చే ప్రోగ్రాం, చాదస్తంగా ప్రతిదీ అడుగుతుంది, సందేహం ఉంటే ప్రోగ్రాంను ముందుకు కదలనివ్వదు. అలాంటి భాషలో రాసింది కూడా పడిందనేసరికి మా గదిలో గొడవ మొదలైంది. పైథాన్ రాసే గుణుపురం అబ్బాయి అన్నాడు: "చూశారా మాస్టారూ, కంపైలరే అన్నీ చూసుకుంటుందన్న ధీమాతో వదిలేశారు." టైప్‌స్క్రిప్ట్ రాసే పార్వతీపురం అమ్మాయి ఊరుకోలేదు. "రస్ట్ కాబట్టే ఎక్కడ పడిందో వెంటనే తెలిసింది. పైథాన్‌లో అయితే వారం వెతుక్కునేవాళ్ళు" అంది.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఈ తగాదా మా గదికే పరిమితం కూడా కాదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ సైటులో ఎక్కువమంది రాసే భాషగా 2025 ఆగస్టులో టైప్‌స్క్రిప్ట్ పైకి వచ్చింది. నిన్నటిదాకా టైప్‌ల ఊసు లేకుండా రాసినవాళ్ళు ఇవాళ టైప్‌లతో రాస్తున్నారు. అందుకే మొదటినుంచి విప్పి చూద్దాం.

టైప్ అంటే ఏమిటి, టికెట్ ఎక్కడ చూస్తారు

ప్రోగ్రాంలో ప్రతి విలువకూ ఒక జాతి ఉంటుంది. 765001 అనేది మా ఊరి పిన్‌కోడ్. అంకెల్లాగే కనిపిస్తుంది కానీ దానితో కూడికలు, తీసివేతలు ఎవరూ చెయ్యరు. బిల్లులో 5 కిలోలు అని ఉంటే ఆ 5ను ధరతో గుణించాలి. ఒక విలువ ఏ జాతిది, దానితో ఏ పని చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు అన్న ఒప్పందమే టైప్. అంకెలకు నంబర్, అక్షరాలకు స్ట్రింగ్, అవును-కాదులకు బూలియన్, ఇలా.

ఒప్పందం అన్నాక ఎవరో ఒకరు తనిఖీ చెయ్యాలి. రాయగడ నుంచి విజయనగరం వెళ్ళే బండి ఉందనుకోండి. స్టేషన్ గేటు దగ్గరే టికెట్ చూసి, లేనివాళ్ళను లోపలికి రానివ్వకపోవడం ఒక పద్ధతి. అందర్నీ ఎక్కనిచ్చి, బండి పార్వతీపురం దాటాక టీటీఈ వచ్చి అడగడం రెండో పద్ధతి. ప్రోగ్రాం నడవకముందే టైప్‌లన్నీ చూసేవి స్టాటిక్ టైపింగ్ భాషలు: జావా, గో, రస్ట్, టైప్‌స్క్రిప్ట్. నడుస్తుండగా, ఆ లైను వచ్చినప్పుడు చూసేవి డైనమిక్ టైపింగ్ భాషలు: పైథాన్, రూబీ, జావాస్క్రిప్ట్. తనిఖీ రెండు చోట్లా ఉంది. కాకపోతే టీటీఈ ఆ రోజు ఆ బోగీకి రాకపోతే టికెట్ లేనివాడు హాయిగా బొబ్బిలిలో దిగి వెళ్ళిపోతాడు. డైనమిక్ భాషలోనూ అంతే. ఏడాదికి ఒకసారి, మార్చి 31న మాత్రమే నడిచే లైనులో తప్పుంటే అది మార్చి 31 దాకా బయటపడదు.

దీనితో కలగాపులగం అయ్యే ఇంకో సంగతి, తనిఖీ ఎంత గట్టిది అన్నది. జావాస్క్రిప్ట్‌లో "5" అనే అక్షరానికి 3 కలిపితే "53" వస్తుంది. అదే "5" నుంచి 3 తీస్తే 2 వస్తుంది. ఏదో ఒకటి సర్దేసి ముందుకు పోవడం దాని స్వభావం. పైథాన్‌లో "5"కు 3 కలపబోతే అక్కడే ఆగి, ఇవి రెండూ కలవవని చెబుతుంది. అంటే పైథాన్ తనిఖీ ఆలస్యంగా చేసినా గట్టిగా చేస్తుంది. సీ భాష ముందే చూస్తుంది కానీ ప్రోగ్రామర్ గట్టిగా అడిగితే దేన్నైనా దేనిగానైనా చూపిస్తుంది. స్టాటిక్ అంటే గట్టిదని, డైనమిక్ అంటే వదులని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఇక టైప్ సేఫ్టీ. ఎంఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు పునాదులు వేసిన రాబిన్ మిల్నర్ 1978లో రాసిన పరిశోధనా పత్రంలో ఒక మాట ఉంది. టైప్‌లు సరిగ్గా కుదిరిన ప్రోగ్రాం దారి తప్పదు అని దాని సారాంశం. ఈ మాట విని ఎంతమంది ఎంత ధీమా పెంచుకున్నారో. మిల్నర్ చెప్పిన దారి తప్పడానికి చాలా చిన్న అర్థం ఉంది. అంకెను ఫంక్షన్ అనుకుని పిలవడం, అక్షరాన్ని అంకె అనుకుని గుణించడం వంటి అర్థంలేని పని జరగదని మాత్రమే. జవాబు సరైనది వస్తుందని ఆయన ఎక్కడా అనలేదు. వడ్డీ లెక్కలో కలపాల్సిన చోట తీసివేస్తే టైప్‌లన్నీ చక్కగా కుదురుతాయి, బ్యాంకు మాత్రం మునుగుతుంది.

నవంబర్ 18న పడిపోయిన లైను

క్లౌడ్‌ఫ్లేర్ చెప్పిన వరుస ఇది. డేటాబేస్ అనుమతుల్లో చేసిన ఒక మార్పు వల్ల ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, ఒకే వరుసల్ని మళ్ళీ మళ్ళీ తెచ్చింది. మనిషెవరో యంత్రమెవరో గుర్తుపట్టడానికి వాడే ఫైలు దానివల్ల పెరిగి రెట్టింపైంది. ఆ ఫైలులో 200కు మించి లక్షణాలు ఉండకూడదని ప్రోగ్రాంలో ఒక హద్దు. మామూలుగా వాడుతున్నవి 60 దాకానే, అందుకే హద్దు దాటుతుందని ఎవరికీ తోచలేదు. దాటింది.

ఇక్కడే రస్ట్ సంగతి. విఫలం కాగల పని చేసినప్పుడు రస్ట్ విలువను నేరుగా చేతికివ్వదు. రిజల్ట్ అనే పొట్లంలో కట్టి ఇస్తుంది. లోపల సరుకు ఉండొచ్చు, లేదా ఎందుకు కుదరలేదో రాసిన చీటీ ఉండొచ్చు. పొట్లం విప్పకుండా సరుకు వాడుకోవడం కుదరదు. విప్పడానికి మర్యాదైన దారులున్నాయి: సరుకుంటే ఇలా, చీటీ ఉంటే అలా అని రెండూ రాయడం. అన్‌రాప్ అనే అడ్డదారి కూడా ఉంది. "లోపల సరుకే ఉంది, నాదీ పూచీ, లేకపోతే ప్రోగ్రాంను అక్కడే ఆపెయ్" అని దానర్థం. ఆ రోజు నడుస్తున్న కోడ్‌లో ఉన్నది అన్‌రాప్. లోపల చీటీ వచ్చింది. ప్రోగ్రాం ఆగింది.

అయితే టైప్‌ల వ్యవస్థ ఓడిపోయిందా? నాకలా అనిపించదు. అది అడగాల్సింది అడిగింది. మనిషి జవాబు చెప్పాడు, ఆ జవాబు తప్పు. ఇందులో అంతగా ప్రచారం కాని ముక్క ఒకటుంది, నాకు అదే ముఖ్యం. అదే సంస్థలో కొందరు కస్టమర్ల ట్రాఫిక్ అప్పటికి ఇంకా పాత ఇంజన్ మీదే నడిచేది. అక్కడ ప్రోగ్రాం ఆగలేదు. కానీ వచ్చింది మనిషా, బాట్ అనే యంత్రమా అని అంచనా వేసే బాట్ స్కోరు లెక్క కుదరక అందరికీ సున్నా వేసుకుంటూ పోయింది. ఆ స్కోరును నమ్ముకుని బాట్‌లను ఆపే నియమాలు పెట్టుకున్నవాళ్ళకు మంచి సందర్శకులు కూడా బాట్‌ల లెక్కలోకి వచ్చారు. ఒకే తప్పు ఒకచోట కుప్పకూలి కనిపించింది, ఇంకోచోట తప్పు జవాబు ఇస్తూ నడిచింది. ఏది మేలో తేల్చుకోవడం అంత తేలిక కాదు. ఆసుపత్రి యంత్రంలో మొదటిది భయం, ఖాతాల లెక్కలో రెండోది భయం.

భద్రత పెరిగితే జాగ్రత్త తగ్గుతుందనేవాళ్ళ వాదన

ఇది ప్రోగ్రామింగ్‌లో పుట్టిన వాదన కాదు. 1975లో ఆర్థికవేత్త శామ్ పెల్ట్జ్‌మన్ అమెరికా కార్ల భద్రతా నియమాల గురించి రాస్తూ, కారు క్షేమంగా ఉందన్న నమ్మకంతో డ్రైవర్లు దూకుడు పెంచుతారని, లోపలివాళ్ళకు దక్కిన మేలు కొంత రోడ్డు మీది పాదచారుల ఖాతాలో నష్టంగా తేలుతుందని వాదించాడు. తర్వాత మ్యూనిక్‌లో టాక్సీల మీద గమనిస్తే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులున్న టాక్సీలకు ప్రమాదాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆ డ్రైవర్లు మరింత దూకుడుగా నడిపారు. అలాగని సీటుబెల్టు వల్ల ప్రాణాలు నిలవలేదని కాదు, నిలిచాయి. లాభంలో కొంత మనిషి ప్రవర్తనే తినేస్తుందన్నది అసలు మాట.

కోడ్‌లో దీని రూపాలు నాకు రోజూ కనిపిస్తాయి. తప్పున్న చోట ఎడిటర్ గీసే ఎర్ర గీతలు పోయాయి కదా అని, కోడ్‌ను నడిపి సరిచూసే టెస్టులు రాయరు. టైప్‌స్క్రిప్ట్‌లో ఎనీ అనే టైప్ ఉంది, అంటే ఏదైనా ఫరవాలేదు, అడగొద్దు అని. గీత పోవడం లేదని విసిగి ఎనీ పెట్టేస్తారు. ఫైలు చివర పచ్చటిక్కు మాత్రం పడుతుంది.

నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక హోల్‌సేల్ దుకాణానికి నిల్వల లెక్క చూసే ప్రోగ్రాం టైప్‌స్క్రిప్ట్‌లో రాశాను. సర్వర్ నుంచి వచ్చే పాత నిల్వకు, కొత్తగా దిగిన బస్తాలు కలిపి స్క్రీన్ మీద చూపించాలి. పంచదార పాత నిల్వ 12, కొత్తవి 3. స్క్రీన్ మీద 123 పడింది. గోడౌన్‌లో పనిచేసే కుర్రాడు వచ్చి, ఆ గదిలో అన్ని బస్తాలు పట్టనే పట్టవని చెప్పేదాకా ఎవరూ గమనించలేదు. సర్వర్ ఆ 12ను కొటేషన్ గుర్తుల్లో, అక్షరాలుగా పంపుతోంది. నేను ఆ చోట "నిల్వ: నంబర్" అని రాసుకున్నాను. టైప్‌స్క్రిప్ట్ నా మాట నమ్మింది.

ఈ చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఒక పూట పట్టింది. టైప్‌స్క్రిప్ట్ టైప్‌లు ప్రోగ్రాం నడిచే వేళకు ఉండవు. కంపైల్ అయ్యాక వాటిని చెరిపేసి, మిగిలిన జావాస్క్రిప్ట్‌నే నడుపుతారు. నా కోడ్ లోపల ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కు వెళ్ళే విలువల మీద కంపైలర్‌కు కాపలా ఉంది. బయటినుంచి, సర్వర్ నుంచో ఫైలు నుంచో ఫారం నుంచో వచ్చేదాని మీద లేదు. అక్కడ నేను రాసిన నంబర్ అనే మాట డబ్బా మీద అతికించిన చీటీ లాంటిది. పంచదార అని చీటీ ఉంది, లోపల ఉప్పుంది. చీటీ లేని డబ్బా అయితే మూత తీసి చూసేవాణ్ణి. అదే పైథాన్‌లో రాసి ఉంటే "12"కు 3 కలిపే చోట ప్రోగ్రాం ఆగి అరిచేది. టైప్‌లు ముందే చూసే భాషలో తప్పు దాటిపోయింది, చూడని భాషలో దొరికేది. గుణుపురం అబ్బాయి పక్షాన ఇంతకంటే బలమైన ఉదాహరణ నా దగ్గర లేదు.

ఈ వాదనకు అందరూ చూపించే పెద్ద ఉదాహరణ ఆరియేన్ 5. 1996 జూన్ 4న ఆ రాకెట్ తొలి ప్రయాణంలోనే సుమారు 40 సెకన్లలో దారి తప్పి పేలిపోయింది. దాని సాఫ్ట్‌వేర్ ఏడా భాషలో ఉంది, టైప్‌ల విషయంలో అది చాలా కఠినం. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చే చోట విలువ పట్టలేదు. ఆ పూర్ణాంకంలో 32,767 దాకానే పడుతుంది. ఆరియేన్ 4 వేగానికి ఆ విలువ ఎప్పుడూ అంత పెరగదు కాబట్టి, కంప్యూటర్ మీద భారం తగ్గించడానికి ఆ మార్పిడికి రక్షణ పెట్టలేదు. ఏడు విలువల్లో నాలుగింటికి రక్షణ ఉంది, మూడింటికి లేదు. కోడ్‌ను కొత్త రాకెట్‌కు తెచ్చారు, ఆ లెక్కను మళ్ళీ చూడలేదు. దీన్ని నిర్లక్ష్యం అనడానికి నాకు మనసొప్పదు. ఆలోచించి తీసుకున్న నిర్ణయమే, కాకపోతే వేరే రాకెట్ కోసం తీసుకున్నది. ఆ నిర్ణయానికి కారణం టైప్‌లో ఎక్కడా రాసి లేదు.

జాగ్రత్త పోదు, చోటు మారుతుందనేవాళ్ళ వాదన

మనిషి బుర్రలో ఒక పూటకు పట్టే శ్రద్ధ కొంతే. ఈ ఫంక్షన్‌కు ఇచ్చింది అంకెనా, అక్షరమా, అసలు ఏమన్నా ఉందా లేదా అని ప్రతి లైనులో తడుముకుంటుంటే, అసలు లెక్క సరైనదా కాదా అని చూడటానికి ఓపిక మిగలదు. చిల్లర పని యంత్రానికి అప్పగిస్తే పెద్ద పనికి మనసు ఖాళీ అవుతుందని ఈ పక్షంవాళ్ళు అంటారు.

ఉందా లేదా అన్న ఆ ఒక్క ప్రశ్ననే చూడండి. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ నల్ రిఫరెన్స్ అనే వెసులుబాటు పెట్టాడు. ఏమీ లేదని చెప్పే విలువ. పెట్టడం తేలికగా ఉందని పెట్టానని, అది వందకోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఆయనే చెప్పుకున్నాడు. దశాబ్దాల పాటు ప్రోగ్రామర్లు "నల్ అయితే" అని అన్ని చోట్లా రాసుకుంటూ వచ్చారు, మరిచిన చోట దెబ్బతిన్నారు. కోట్లిన్, స్విఫ్ట్, రస్ట్ వంటి భాషల్లో ఖాళీగా ఉండగల విలువకు టైపే వేరు. అది చూడకుండా ముందుకు పోనివ్వరు. మనుషులు ఇంకా జాగ్రత్తగా ఉండాలని యాభై ఏళ్ళు చెప్పినా మారనిది టైప్ మారిస్తే మారింది.

మెమరీ భద్రత, అంటే ప్రోగ్రాం తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టకుండా ఉండటం, టైప్ సేఫ్టీకి దగ్గర చుట్టం. ఆండ్రాయిడ్‌లో భద్రతా లోపాల్లో ఈ రకానివి 2019లో 76 శాతం ఉండేవి. కొత్త కోడ్‌ను రస్ట్ వంటి భాషల్లో రాయడం పెంచాక 2024కు 24 శాతానికి వచ్చాయని గూగుల్ చెప్పింది. అదే ఇంజనీర్లు అకస్మాత్తుగా బుద్ధిమంతులైపోయారని ఎవరూ అనరు కదా. భాష మారింది.

పాత కోడ్ మార్చేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రెండేళ్ళ కిందట రాసిన ఫంక్షన్‌కు ఇంకో వివరం చేర్చాలి. టైప్‌లున్న కోడ్‌లో ఒక్కచోట మారిస్తే, దాన్ని పిలిచే ప్రతి చోటా ఎర్ర గీత పడి వరసగా చూపిస్తుంది. టైప్‌లు లేనిచోట వెతికి, గుర్తుచేసుకుని, టెస్టుల మీద భారం వేసి మార్చాలి. భయంతో చాలామంది మార్చడమే మానేస్తారు. అలా ముట్టుకోకుండా వదిలేసిన కోడ్‌ను జాగ్రత్తకు నిదర్శనం అనగలమా?

పరిశోధకులు కొలిచింది ఎంత

అంకెలతో తేల్చుదామని చూసినవాళ్ళున్నారు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో నిజంగా దొరికి, సరిచేసిన 400 తప్పుల్ని తీసుకుని, టైప్‌లు రాసి ఉంటే వీటిలో ఎన్ని ముందే దొరికేవని 2017లో ఒక బృందం చూసింది. సుమారు 15 శాతం అని తేలింది. ఆ 15 శాతం చూసి ఒకరు ఇంత లాభం ఊరికే వస్తుంటే వదులుకుంటామా అంటారు, ఇంకొకరు మిగిలిన 85 శాతం సంగతేమిటంటారు. అవి జనాల చేతికి వెళ్ళిన తప్పులు మాత్రమే. రాస్తుండగానే ఎర్ర గీత పడి ఆ నిమిషంలోనే దిద్దుకున్నవి ఆ లెక్కలో లేవు.

గిట్‌హబ్‌లోని వందల ప్రాజెక్టులను చూసి, భాషకూ తప్పులకూ చిన్నదే అయినా సంబంధం ఉందని 2014లో ఒక అధ్యయనం చెప్పింది. 2019లో ఇంకో బృందం అదే డేటాను మళ్ళీ లెక్కవేస్తే అందులో చాలా ఫలితాలు నిలబడలేదు. స్టెఫాన్ హానెన్‌బర్గ్ 2010లో 49 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో స్టాటిక్ టైప్‌ల వల్ల పని త్వరగా అవ్వలేదు. తర్వాతి ప్రయోగాల్లో మాత్రం, వివరణ పత్రాలు లేని కొత్త కోడ్‌ను అర్థం చేసుకునేటప్పుడు టైప్‌లు దారి చూపాయని కనిపించింది. ఇవన్నీ తప్పుల్ని, గంటల్ని కొలిచాయి. మనసులోని ధీమాను కొలవడం వేరే పని. అందుకే ఫలానా అధ్యయనం తేల్చేసిందని ఎవరైనా అంటే నేను కాస్త ఆగుతాను.

గుంట ఎంత? ఒక లెక్క దగ్గరగా

గుణుపురం అబ్బాయి, పార్వతీపురం అమ్మాయి కలిసి చేస్తున్న ప్రాజెక్టు ఒకటుంది. రాయగడ, గుణుపురం చుట్టుపక్కల అమ్మకానికి ఉన్న ఇళ్ళ స్థలాల జాబితా. అమ్మాయి మావయ్య స్థలాల మధ్యవర్తి, ఆయన నోటుపుస్తకంలో ఉన్నవాటిని ఎక్కించారు. విస్తీర్ణం గుంటల్లో ఇస్తే చదరపు అడుగుల్లోకి మార్చి ధర చూపించాలి.

సరిహద్దులో బతికేవాళ్ళకు గుంట అంటే ఒక చిక్కు. ఎకరం ఎక్కడైనా 43,560 చదరపు అడుగులే. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, అంటే గుంట 1,742.4 చదరపు అడుగులు, ఆంధ్ర లెక్కలో సరిగ్గా నాలుగు సెంట్లు. తెలంగాణలోనూ మహారాష్ట్రలోనూ ఎకరానికి 40 గుంటలు, అంటే గుంట 1,089 చదరపు అడుగులు, రెండున్నర సెంట్లు. మాట ఒకటే, పలికే తీరు ఒకటే, కొలత మాత్రం ఒకటికి 1.6 రెట్లు.

పిల్లల ఫంక్షన్ గుంటల్ని నంబర్‌గా తీసుకుని 1,089తో గుణిస్తోంది. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు అదే దొరుకుతుంది మరి. మావయ్య పుస్తకంలో 5 గుంటల స్థలం. ప్రోగ్రాం 5,445 చదరపు అడుగులంది. మా లెక్కలో అది 8,712. చదరపు అడుగు 400 రూపాయలు అనుకుంటే, 34,84,800 రూపాయల స్థలం 21,78,000కు కనిపిస్తోంది. 13 లక్షల పైచిలుకు తేడా. టైప్‌స్క్రిప్ట్ ఒక్క ముక్క అనలేదు. నంబర్ ఇచ్చారు, నంబర్ వచ్చింది. పైథాన్ కూడా ఏమీ అనేది కాదు. 1999 సెప్టెంబర్‌లో అంగారకుడి దగ్గర నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కూడా ఇలాంటి తేడా వల్లే. ఒక ప్రోగ్రాం పౌండ్ల లెక్కలో అంకె ఇచ్చింది, అందుకున్నవాళ్ళు న్యూటన్ల లెక్కలో చదివారు, దాదాపు 4.45 రెట్ల తేడా.

పేర్లదీ ఇదే కథ. ఒడియా రాతలో మన వెంకట్రావు బెంకటరావు అయిపోతాడు. స్ట్రింగ్ అనే టైప్‌కు ఇద్దరూ సమ్మతమే. ఒకే మనిషి రెండు ఖాతాలుగా నిలబడతాడు.

తప్పు తెలిశాక అమ్మాయి టైప్‌లతోనే సరిచేస్తానంది. "టైప్ ఒడిశాగుంట = నంబర్", "టైప్ తెలంగాణగుంట = నంబర్" అని రెండు పేర్లు పెట్టింది. చూడటానికి ముచ్చటగా ఉంది. ఒకదాని చోట ఇంకోటి ఇచ్చి చూస్తే కంపైలర్ మళ్ళీ సరే అంది. టైప్‌స్క్రిప్ట్‌లో ఇది కొత్త టైప్ కాదు, పాతదానికి ముద్దుపేరు. రెండు పేర్ల వెనకా ఉన్నది నంబరే కాబట్టి రెండూ ఒకటే అంటుంది. టైప్‌ల మీద ధీమా ఎక్కడ మోసం చేస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపించడం కష్టం. చదివేవాడికి రక్షణ ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండదు. రస్ట్‌లో అయితే అంకెను స్ట్రక్ట్ అనే ఒక కొత్త చట్రంలో చుడితే అది నిజంగా వేరే టైప్ అవుతుంది. ఎఫ్ షార్ప్ భాషలో కొలమానాలకు విడిగా ఏర్పాటే ఉంది, అడుగుల్ని మీటర్లతో కలపనివ్వదు. టైప్‌స్క్రిప్ట్‌లో ముద్ర వేసే ఒక ఉపాయం ఉంది. నంబర్‌తో పాటు ఎవరికీ కనిపించని ఒక గుర్తు తగిలిస్తే, గుర్తులు వేరు కాబట్టి రెండూ కలవవు.

ఎర్ర గీతలు పడిన సాయంత్రం

ముద్ర వేశాక, ఒక్కసారిగా పదకొండు చోట్ల ఎర్ర గీతలు పడ్డాయి. ఇప్పటిదాకా నోరు మెదపని కంపైలర్ ప్రతిచోటా అడుగుతోంది: ఇది ఏ గుంట? అబ్బాయి కూడా కుర్చీ దగ్గరికి జరుపుకుని చూడసాగాడు. ఫంక్షన్ల మధ్య పడినవి పది నిమిషాల్లో పోయాయి. మిగిలింది ఒక్కటే, జాబితా ఫైలు చదివే చోటు. అక్కడ వచ్చేది ఉత్త అంకె.

అమ్మాయి చేతులు అలవాటుగా "యాజ్ ఒడిశాగుంట" అని కొట్టాయి. అంటే దీన్ని ఒడిశా గుంట అనుకో, నాదీ పూచీ అని. గీత పోయింది. అప్పుడు అబ్బాయి అడిగాడు: "నిజంగా అన్నీ ఒడిశా గుంటలేనా?" నవంబర్‌లో అన్‌రాప్ గురించి గట్టిగా వాదించింది వీడే. అమ్మాయి ఏమీ అనలేదు. ఆ లైను చెరిపేసింది, గీత మళ్ళీ వచ్చింది. ఫోను తీసి స్పీకర్‌లో పెట్టింది.

"మావయ్యా, పుస్తకంలో నువ్వు రాసిన గుంటలు ఏ లెక్క? ఎకరానికి పాతికేనా?"

"మన లెక్కేనమ్మా, పాతికే." కాసేపు ఆగి, "హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు అమ్మమన్నవి మాత్రం వాళ్ళు చెప్పినట్టే నలభై లెక్కలో రాశాను. వాళ్ళకు అదే అలవాటు కదా" అన్నాడాయన.

"ఏవేవో గుర్తుందా?"

"కొన్ని గుర్తున్నాయి. మిగతావాళ్ళను అడగాలి."

జాబితాలో నలభైకి పైగా స్థలాలున్నాయి. అబ్బాయి తెల్లకాగితం తీసి రెండు గళ్ళు గీశాడు, పాతిక లెక్క ఒకటి, నలభై లెక్క ఒకటి. మావయ్య ఒక్కో నంబరూ చెబుతుంటే అమ్మాయి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది.